కందకం: కంటికి దొరకని బొమ్మ మీద నూరేళ్ల తగవు

జర్మన్ చిత్రకారుడు ఒట్టో డిక్స్ 1923లో పూర్తి చేసిన ‘కందకం’ గురించి ఇవాళ రాస్తున్నవాళ్లెవరూ ఆ బొమ్మను చూడలేదు. చూసే వీలు లేదు. రెండున్నర మీటర్ల వెడల్పు, రెండుంబావు మీటర్ల ఎత్తు ఉన్న ఆ తైలవర్ణ చిత్రం రెండో ప్రపంచ యుద్ధపు తొలినాళ్లలో కనిపించకుండా పోయింది. మిగిలినవి కొన్ని నలుపు తెలుపు ఫొటోలు, ఆనాటి పత్రికల్లో వచ్చిన తిట్లు, మెచ్చుకోళ్లు. అయినా యుద్ధాన్ని బొమ్మకట్టడం గురించి ఎక్కడ మాట వచ్చినా ఈ చిత్రం పేరు రాక తప్పదు.

ఇన్నేళ్లలో చర్చ బాగా చిక్కుపడింది. ఇది ఎక్స్‌ప్రెషనిజమా, ఆ తర్వాత వచ్చిన వాస్తవికతా అన్నది ఒక పేచీ. యుద్ధాన్ని ఖండించిందా, యుద్ధం మీద మోజుతో వేసిందా అన్నది రెండోది. సైనికుడి మనసుకు తగిలిన గాయానికి ఇది సాక్ష్యమా, స్టూడియోలో లెక్కగా కట్టిన నిర్మాణమా అన్నది మూడోది. ఒక పేచీలో వాడాల్సిన ఆధారాన్ని మరో పేచీలోకి లాక్కెళ్లడం వల్లే సగం గందరగోళం పుట్టింది. మొదట జరిగినదేమిటో వరసగా చూస్తే ఏ వాదానికి ఎంత బలముందో తెలుస్తుంది.

బొమ్మ వెనక మనిషి

డిక్స్ 1891లో గేరా పట్టణం దగ్గర ఒక కార్మిక కుటుంబంలో పుట్టాడు. 1914లో యుద్ధం మొదలవగానే సైన్యంలో చేరాడు. 1915 శరత్కాలం నుంచి పశ్చిమ రంగంలో మెషిన్‌గన్ దళంలో ఉన్నాడు. షాంపేన్, 1916లో సోమ్, తర్వాత కొన్నాళ్లు తూర్పు రంగం, 1918లో మళ్లీ ఫ్లాండర్స్. చివరి ఏడాది మెడకు గాయమైంది. ఐరన్ క్రాస్ పతకం కూడా వచ్చింది. అంటే దూరం నుంచి చూసి జాలిపడినవాడు కాదు. తుపాకీ పట్టినవాడు, చంపే పనిలో ఉన్నవాడు. ఈ సంగతిని పక్కన పెట్టి అతన్ని ఉత్త బాధితుడిగా చూపే వ్యాసాలు చాలా ఉన్నాయి. వాటిని కాస్త అనుమానంతోనే చదవాలి.

యుద్ధరంగంలో ఉండగానే అతను వందల కొద్దీ బొమ్మలు గీశాడు. బొగ్గుతో, గ్వాష్ రంగులతో వేసిన ఆ బొమ్మల్లో గుండ్లు పడి గోతులైన నేల, పేలుళ్ల వెలుగు, ముక్కలైన ఆకారాలు కనిపిస్తాయి. గీత కోసుగా, కోపంగా ఉంటుంది. వాటిని ఎక్స్‌ప్రెషనిజం అనడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. తగువంతా యుద్ధం అయ్యాక వేసిన వాటి గురించే.

‘కందకం’ 1920లో డ్రెస్డెన్‌లో మొదలై డ్యూసెల్డార్ఫ్‌లో పూర్తయింది. తెల్లవారుజామున, గుండ్లవాన వెలిశాక ఒక కందకం ఎలా ఉంటుందో అదే ఇందులోని విషయం. చీలిపోయిన దేహాలు, పగిలిన పుర్రెలు, కూలిన దుంగలు, బురద ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. పైన ఇనప కమ్మీలకు గుచ్చుకుని ఒక శవం గాల్లో వేలాడుతుంది. బతికున్న మనిషి ఒక్కడూ కనిపించడు. శత్రువు లేడు, జెండా లేదు. చచ్చినవాళ్లు జర్మన్లా ఫ్రెంచివాళ్లా అన్నది బొమ్మ పట్టించుకోదు.

కొలోన్‌లో తెర వెనక

1923లో కొలోన్ నగరంలోని వాల్‌రాఫ్-రిచర్ట్జ్ మ్యూజియం డైరెక్టర్ హన్స్ సెకర్ ఈ చిత్రాన్ని కొన్నాడు. గుండె నిబ్బరం లేనివాళ్లు చూడకుండా దాని ముందు ఒక తెర కట్టించాడు. ఆ తెర వల్ల జనం తగ్గలేదు, కుతూహలం పెరిగింది. స్థానిక పత్రికలో విమర్శకుడు వాల్టర్ ష్మిట్స్ దీనిపై విరుచుకుపడ్డాడు. జాతికి యుద్ధం చేయగల మనోబలం ఇలాంటి బొమ్మల వల్ల సడలిపోతుందన్నది అతని ఫిర్యాదు. 1924లో బెర్లిన్‌లోని ప్రష్యన్ అకాడమీ ప్రదర్శనకు దీన్ని పిలిపించినవాడు అకాడమీ అధ్యక్షుడు, వృద్ధ చిత్రకారుడు మాక్స్ లీబర్‌మన్. యుద్ధానంతర కళలో ముఖ్యమైన వాటిలో ఇదొకటని ఆయన నమ్మకం. అదే ప్రదర్శన చూసి, ఫ్రెంచి ఇంప్రెషనిజాన్ని జర్మనీకి పరిచయం చేసిన పెద్ద విమర్శకుడు యూలియస్ మేయర్-గ్రేఫె వాంతి వస్తోందని రాశాడు.

గమనించాల్సిందేమిటంటే ష్మిట్స్‌ది రాజకీయ అభ్యంతరం, మేయర్-గ్రేఫెది కళాభ్యంతరం. మేయర్-గ్రేఫె యుద్ధోన్మాది కాడు. బొమ్మ చెడ్డగా వేశారన్నది అతని మాట. భయంకరమైనదాన్ని చూపించడం వేరు, దాన్ని రంగులో ఇమడ్చడం వేరు అన్న తేడా అతనికి ముఖ్యం. తర్వాతి రోజుల్లో ఈ ఇద్దరినీ ఒకే గాట కట్టి ‘డిక్స్ శత్రువులు’ అనేశారు. ఇది అన్యాయం. భయంకరమైనదాన్ని రంగులో ఇమడ్చడం గురించి మేయర్-గ్రేఫె లేపిన ప్రశ్నకు ఇప్పటికీ సరైన జవాబు చెప్పినవాళ్లు తక్కువ.

చివరికి కొలోన్ మేయర్ కోన్రాడ్ ఆడెనవర్ ఒత్తిడి వల్ల కొనుగోలు రద్దయింది. తర్వాత 1949లో పశ్చిమ జర్మనీకి మొదటి చాన్సలరైన ఆడెనవరే ఈయన. బొమ్మ వ్యాపారి దగ్గరికి తిరిగొచ్చింది. కొన్నేళ్లకు డ్రెస్డెన్ నగరం కొనుక్కుంది.

1933లో నాజీలు అధికారంలోకి రాగానే డ్రెస్డెన్ అకాడమీలో డిక్స్ ఉద్యోగం ఊడింది. అదే ఏడాది డ్రెస్డెన్‌లో ‘క్షీణ కళ’ అంటూ పెట్టిన ప్రదర్శనలో ‘కందకం’ను వెక్కిరింపుకు నిలబెట్టారు. 1937లో మ్యూనిక్‌లో పెట్టిన పెద్ద ప్రదర్శనలోనూ అది ఉంది. సైన్యాన్ని రంగులతో దెబ్బతీసే కుట్ర ఇదన్నది అక్కడి వాళ్ల మాట. ఆ తర్వాత సంగతి మసకగా ఉంది. 1939లో బెర్లిన్‌లో వేల బొమ్మలతో పాటు దీన్నీ కాల్చేశారని చాలాకాలం నమ్మారు. కాదు, 1940లో బెర్న్‌హార్డ్ బ్యోమర్ అనే వ్యాపారి చేతికి వెళ్లిందని తర్వాతి పరిశోధకులు ఆధారాలు చూపారు. ఆపైన జాడ లేదు.

పేరు మీద పేచీ

సామాన్య పాఠకుడికి డిక్స్ ‘ఎక్స్‌ప్రెషనిస్టు’ గానే తెలుసు. కళాచరిత్రకారులు అంత తేలిగ్గా ఒప్పుకోరు. 1925లో మాన్‌హైమ్ మ్యూజియంలో గుస్తావ్ హార్ట్‌లౌబ్ ఒక ప్రదర్శన పెట్టి, ఎక్స్‌ప్రెషనిజం పని అయిపోయింది, కొత్త వాస్తవికత వచ్చిందని ప్రకటించాడు. ఆ కొత్త ధోరణిలో పదునైన వామపక్షపు వైపు డిక్స్‌ను, జార్జ్ గ్రోస్‌ను నిలబెట్టాడు. అదే ఏడాది ఫ్రాంజ్ రో రాసిన పుస్తకం కూడా ఎక్స్‌ప్రెషనిజం తర్వాతి దశ అనే పేరుతోనే ఈ మార్పును వర్ణించింది. ఈ లెక్కన డిక్స్ ఎక్స్‌ప్రెషనిజాన్ని దాటినవాడు.

ఎక్స్‌ప్రెషనిజం పక్షం వాళ్ల వాదనలోనూ పస ఉంది. లోపలి వేదన బయటి రూపాన్ని వంకర్లు తిప్పడమే ఎక్స్‌ప్రెషనిజమైతే, ‘కందకం’లోని చెదిరిన దేహాలు ఆ కోవకే చెందుతాయంటారు. ఎదుటి పక్షం దీనికి జవాబు చెబుతూ, మరో జర్మన్ చిత్రకారుడు కిర్చ్‌నర్ బొమ్మల్లో చిత్రకారుడి మనసు దేహాన్ని వంచుతుంది, డిక్స్ దగ్గర ఆ పని ఫిరంగి గుండే చేసింది కాబట్టి అతను చూసినదాన్ని చూసినట్టే దించాడు అంటుంది. ఎర్న్‌స్ట్ లుడ్విగ్ కిర్చ్‌నర్ 1915లో తన కుడిచేయి తెగిపోయినట్టు, రక్తమోడుతున్నట్టు యూనిఫారంలో తన బొమ్మ తాను వేసుకున్నాడు. నిజానికి అతని చేయి తెగలేదు, అతను రంగంలోకి వెళ్లకముందే శిక్షణలోనే మనసు చెదిరి తిరిగొచ్చాడు. ఈ పోలిక ముందు పెట్టుకుంటే రెండో వాదనే నాకు గట్టిగా కనిపిస్తుంది.

ఈ పేచీకి రాజకీయం కూడా తోడైంది. 1934లో వామపక్ష విమర్శకుడు గియోర్గ్ లుకాచ్ ఎక్స్‌ప్రెషనిజాన్ని నిలదీస్తూ ఒక వ్యాసం రాశాడు. 1937–38లో మాస్కో నుంచి వెలువడిన ‘దాస్ వోర్ట్’ పత్రికలో ప్రవాస జర్మన్ రచయితలు దీని మీదే పెద్ద చర్చ నడిపారు. ఎర్న్‌స్ట్ బ్లోక్ ఎక్స్‌ప్రెషనిజాన్ని వెనకేసుకొచ్చాడు. మ్యూనిక్‌లో నాజీలు ఏ బొమ్మల్ని వెక్కిరిస్తున్నారో అదే ఏడాది వామపక్షంలోనూ వాటిని తప్పుబట్టేవాళ్లు ఉన్నారంటే అప్పటి గందరగోళం ఎంతటిదో ఊహించవచ్చు. వస్తువు ముఖ్యమా శిల్పం ముఖ్యమా అని మన అభ్యుదయ సాహిత్యంలో దశాబ్దాల పాటు నడిచిన వాదాలు చదివినవాళ్లకు ఇందులో కొత్తదనమేమీ కనిపించదు. పేరు పెట్టడంతో తగువు తీరదని కూడా వాళ్లకు తెలుసు.

ఖండనా, మోజా?

అసలు వేడి ఇక్కడుంది. 1924 నుంచి ఒక వర్గం డిక్స్‌ను శాంతివాదిగానే చూసింది. ఆ ఏడాది అతను వెలువరించిన ‘యుద్ధం’ అనే 50 ఎచింగుల సంపుటికి చౌక ప్రతి తెచ్చినప్పుడు, ముందుమాట రాసినవాడు ఫ్రెంచి యుద్ధ వ్యతిరేక నవలాకారుడు ఆన్రీ బార్బూస్. అదే ఏడాది ఎర్న్‌స్ట్ ఫ్రీడ్రిక్ ముఖాలు ఛిద్రమైన సైనికుల ఫొటోలతో యుద్ధం మీద యుద్ధం ప్రకటించే పుస్తకం వేశాడు. యుద్ధం మొదలై పదేళ్లు నిండిన సందర్భం అది. డిక్స్ బొమ్మలు ఆ గాలిలోనే వచ్చాయి. తర్వాత తూర్పు జర్మనీలో అతన్ని సామ్రాజ్యవాద వ్యతిరేకిగా నెత్తిన పెట్టుకున్నారు. 1929–32 మధ్య అతను వేసిన ‘యుద్ధం’ అనే పెద్ద త్రిఫలక చిత్రాన్ని 1968లో డ్రెస్డెన్ మ్యూజియం కొన్నది.

దీనికి ఎదురుగా 1983లో ఒట్టో కొన్జెల్మన్ ‘మరో డిక్స్’ను చూపిస్తూ పుస్తకం రాశాడు. డిక్స్ యుద్ధానికి తనంతట తాను వెళ్లాడు, వెంట నీచే రచనలు తీసుకెళ్లాడు, 1915లో తనను యుద్ధదేవుడు మార్స్‌గా చిత్రించుకున్నాడు. ముసలితనంలో ఇచ్చిన ఇంటర్వ్యూల్లో, మనిషిని అదుపు తప్పిన స్థితిలో చూడాలంటే యుద్ధం చూడాల్సిందేనని, దాన్ని తాను తప్పించుకోదలచుకోలేదని చెప్పాడు. యుద్ధాన్ని ఆపడానికి ఆ బొమ్మలు వేయలేదని కూడా అన్నాడు. ఇవన్నీ కలిపి చూస్తే అతను శాంతివాది కాడు, జీవితాన్ని దాని క్రూరత్వంతో సహా ఒప్పుకున్నవాడు అని కొన్జెల్మన్ తేల్చాడు. డీట్రిక్ షూబెర్ట్ వంటి చరిత్రకారులు దీన్ని గట్టిగా తోసిపుచ్చారు. ఇరవై మూడేళ్ల సైనికుడి మోజును పట్టుకుని ముప్పై దాటిన చిత్రకారుడి పనిని కొలవకూడదన్నది వాళ్ల మాటల సారం.

రెండు పక్షాలూ ఒక పొరపాటు చేస్తున్నాయి. చిత్రకారుడి ఉద్దేశం తెలిస్తే బొమ్మ అర్థం తేలిపోతుందనుకుంటున్నాయి. ఆ కాలపు సైనిక సాహిత్యంతో పోల్చితే ఆ పొరపాటు తెలుస్తుంది. ఎర్న్‌స్ట్ యూంగర్ 1920లో అచ్చువేసిన జ్ఞాపకాల్లోనూ శవాలున్నాయి, గ్యాస్ ఉంది, భయం ఉంది. అయితే వాటిని దాటి నిలబడిన ‘నేను’ ఒకటి ఉంది. ‘కందకం’లో అలా నిలబడినవాడు లేడు. ఈ బొమ్మను వేలాడదీసి ఎవరూ సైన్యంలోకి కుర్రాళ్లను పిలవలేరు. ష్మిట్స్‌కు, నాజీలకు ఇది బాగా అర్థమైంది. డిక్స్ మనసులో ఏముందన్నది వాళ్లకు అక్కర్లేకపోయింది.

గాయం అనే మాట వచ్చాక

గత నలభై ఏళ్లలో మూడో పాఠం బలపడింది. యుద్ధానుభవం మానసిక గాయమై, మాటలకు లొంగక బొమ్మల్లోకి వచ్చిందంటుంది ఇది. 1915లో బ్రిటిష్ వైద్యుడు చార్లెస్ మయర్స్ ‘షెల్ షాక్’ అనే పేరును వైద్య పత్రికలోకి తెచ్చాడు. వణుకు ఆగని సైనికులు జర్మన్ వీధుల్లో కనిపించేవారు. అమెరికా మానసిక వైద్యుల జాబితాలోకి పీటీఎస్‌డీ 1980లో చేరాక, ఆ దృష్టితో వెనక్కి తిరిగి డిక్స్‌ను చదవడం మొదలైంది. యుద్ధం ముగిశాక ఏళ్ల తరబడి, శిథిలమైన ఇళ్లలో ఇరుకు దారుల గుండా పాకుతున్నట్టు కలలు వచ్చేవని అతనే చెప్పుకున్నాడు. ఈ మాట ఈ వర్గానికి మూలస్తంభం.

డిక్స్ సమకాలికుడైన చిత్రకారుడు మాక్స్ బెక్‌మన్ ఫ్లాండర్స్‌లో వైద్యసేవకుడిగా పనిచేసి 1915లో కుప్పకూలాడు. 1918–19లో వేసిన ‘రాత్రి’లో కందకం ఊసే లేదు. ఒక ఇంటి గదిలోకి చొరబడిన వాళ్లు మనుషుల్ని చిత్రవధ చేయడం కనిపిస్తుంది. కేటె కోల్విట్జ్ కొడుకు పీటర్ 1914 అక్టోబరులో బెల్జియంలో చనిపోయాడు. ఆమె చెక్క అచ్చుల్లో యుద్ధరంగం ఉండదు, తల్లిదండ్రులు ఉంటారు. వీళ్ల విషయంలో గాయం అనే పాఠం చక్కగా అతుకుతుంది.

డిక్స్ విషయంలో కొంచెం సాగదీసినట్టుంటుంది. గాయం అదుపు తప్పి బయటికి తన్నుకొస్తుందంటారు. కాని డిక్స్ పని అంతా అదుపే. వేసినదానికీ అనుభవించినదానికీ మధ్య ఐదారేళ్లు, కొన్నిటికి పదిహేనేళ్లు ఎడం ఉంది. ఈలోగా శవాల నిర్మాణం తెలుసుకోవడానికి శ్రమపడ్డాడు. ఇటలీలో పలెర్మో భూగర్భ సమాధుల్లోని ఎండిన దేహాల్ని గీసుకున్నాడు. డ్యూసెల్డార్ఫ్‌లో విల్హెల్మ్ హెర్బర్‌హోల్ట్జ్ దగ్గర ఎచింగ్ మెళకువలు నేర్చుకున్నాడు.

ఆ అచ్చుల్లో ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. లొరెట్టో కొండ దగ్గర కందకంలో భోజనం అన్నది దాని విషయం. ఒక సైనికుడు తలకూ ఒంటికీ గుడ్డలు చుట్టుకుని, డబ్బాలోంచి ఆత్రంగా తింటున్నాడు. పక్కనే, చేయి చాపితే అందేంత దూరంలో, గడ్డకట్టిన మట్టిలోంచి ఒక అస్థిపంజరం పైకి తేలి ఉంది. తినేవాడు దానివైపు చూడడు. భయం లేదు, అసహ్యం లేదు, ఆకలి ఒక్కటే ఉంది. లోహపు రేకును ఆమ్లం తినేసిన చోట సైనికుడి ముఖమూ మట్టీ ఎముకా ఒకే గరుకుతనంతో పడ్డాయి. ఈ గరుకుతనం అనుకోకుండా రాలేదు. ఎంతసేపు ఆమ్లంలో ముంచితే రేకు ఎంత తినబడుతుందో తెలిసినవాడి పని అది. గాయం ఉంటే ఉండవచ్చు, కాని బొమ్మను నిలబెట్టింది చేతి నేర్పు. ఈ రెంటినీ కలిపి చెప్పగల పాఠం ఇంకా రాలేదు.

పక్కవాళ్ల పని

బ్రిటన్ నుంచి వచ్చిన చిత్రాలతో పోల్చితే డిక్స్ ప్రత్యేకత స్పష్టమవుతుంది. పాల్ నాష్ 1919లో పూర్తి చేసిన ‘మెనిన్ రోడ్’లో గాయపడింది నేల. మొండిమోడైన చెట్లు, నీటి గుంటలు చూపించి మనుషుల్ని చిన్నగా వదిలేశాడు. సి.ఆర్.డబ్ల్యూ. నెవిన్సన్ 1917లో ముళ్లకంచె దగ్గర బోర్లాపడిన ఇద్దరు సైనికుల శవాల్ని వేస్తే సెన్సారు ఒప్పుకోలేదు. ఆ రెండు శవాలకు ముఖాలు కనిపించవు, దేహాలు చెక్కుచెదరలేదు. అదీ ఎక్కువే అనిపించింది ప్రభుత్వానికి. చిత్రకారుడు సార్జెంట్ 1919లో వేసిన ‘గ్యాస్డ్’లో కళ్లకు కట్లతో సైనికులు ఒకరి భుజం ఒకరు పట్టుకుని గుడిగోడ మీది శిల్పవరస మాదిరి నడుస్తారు. ఆ నడకలో గౌరవం ఉంది.

డిక్స్ అసలు పూర్వీకులు వీళ్లెవరూ కారు. 1810లలో స్పెయిన్‌లో ‘యుద్ధ విధ్వంసాలు’ చెక్కిన గోయా ఒకడు, 1510లలో ఈసెన్‌హైమ్ మఠానికి కుళ్లిన దేహంతో క్రీస్తును వేసిన గ్ర్యూనెవాల్డ్ మరొకడు. త్రిఫలక చిత్రం ఆకృతి నేరుగా గ్ర్యూనెవాల్డ్ బలిపీఠం నుంచి తీసుకున్నదే. ఎడమ ఫలకంలో తెల్లవారు మంచులో సైనికులు రంగానికి వెళతారు. నడుమ వినాశం. కుడివైపు గాయపడినవాణ్ణి లాక్కొస్తున్న మనిషికి డిక్స్ పోలికలున్నాయి. అడుగు ఫలకంలో వరసగా పడుకున్నవాళ్లు నిద్రలో ఉన్నారో చచ్చారో చెప్పలేం. గ్ర్యూనెవాల్డ్ దగ్గర ఒక ఫలకం తెరిస్తే పునరుత్థానం ఉంటుంది. డిక్స్ దగ్గర అది లేదు.

కళింగాంధ్ర వైపు నుంచి

తెలుగు పాఠకుడికి ఈ తగవుతో ఏం పని అంటే, యుద్ధ బీభత్సాన్ని ఎలా చెప్పాలన్న ప్రశ్న మనకూ పాతదే. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడింది. విజయనగరం రాజు పక్షాన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు పేలాయి. లోపలివాళ్లు తమ ఆడవాళ్లనూ పిల్లల్నీ తామే చంపుకుని చచ్చేదాకా పోరాడారు. రాబర్ట్ ఆర్మ్ తన సైనిక చరిత్రలో ఆ కోట లోపలి దృశ్యాన్ని రాశాడు. డిక్స్ వేయదగిన విషయమే అది. మన జంగం కథలు, బుర్రకథలు, 1964 సినిమా ఆ శవాల్ని దాటించి మనల్ని తాండ్ర పాపారాయుడి దగ్గరికి తీసుకెళతాయి. అలంకారశాస్త్రం మాటల్లో చెబితే అక్కడ వీరం అంగి, అంటే ప్రధాన రసం; బీభత్సం దానికి లోబడిన అంగం. తిక్కన స్త్రీపర్వంలో గాంధారి యుద్ధభూమిని చూసే చోట వీరం తప్పుకుంటుంది, కరుణం అంగి అవుతుంది. ఏడవడానికి ఒక మనిషి ఉంటుంది కదా.

‘కందకం’లో వీరుడూ లేడు, ఏడ్చేవాళ్లూ లేరు. బీభత్సమే అంగిరసం. మన సంప్రదాయంలో ఇలాంటిది బహు అరుదు. భవభూతి ‘మాలతీమాధవం’లో శ్మశానాన్ని ఒక అంకం నిండా వర్ణించాడు గాని అక్కడా ప్రియురాలి కోసం వచ్చిన నాయకుడున్నాడు. జుగుప్స ఒక్కటే చూసేవాణ్ణి ఎంతసేపు పట్టి ఉంచగలదు? మేయర్-గ్రేఫె అడిగిందీ దాదాపు ఇదే. బీభత్సం వైరాగ్యానికి దారి తీస్తుందనే ఆలోచన మన ఆలంకారికుల్లో ఉంది. డిక్స్‌ను ఆ దారిన చదివినవాళ్లు కనిపించరు. చదవాలి.

మన చిత్రకళలో ఇలాంటిది ఎందుకు రాలేదన్నది మరో ప్రశ్న. మొదటి యుద్ధంలో భారత సైనికులు 13 లక్షల మంది దాకా సముద్రం దాటారు, దాదాపు 74,000 మంది తిరిగి రాలేదు. అయితే ‘యుద్ధ జాతుల’ సిద్ధాంతం పేరుతో 19వ శతాబ్ది చివరికే తెలుగువాళ్ల భర్తీని బాగా తగ్గించేశారు. మద్రాస్ సాపర్స్ వంటి దళాల్లో కొందరు మెసొపొటేమియా దాకా వెళ్లారు గాని ఫ్రాన్స్ కందకాలు మన జ్ఞాపకంలో భాగం కాలేదు. ఇవాళ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి సైన్యంలోకి వెళ్లేవాళ్లు ఎక్కువ. కోరుకొండ సైనిక్ స్కూలు 1962 నుంచి ఉంది. నాటి పరిస్థితి వేరు.

ఎక్స్‌ప్రెషనిజం మాత్రం మనకు దగ్గరగానే దిగింది. 1922 డిసెంబరులో స్టెల్లా క్రామ్రిష్ చొరవతో కలకత్తాలో కాండిన్‌స్కీ, క్లే, ఫైనింగర్, ఇట్టెన్ వంటి, జర్మనీలోని బౌహౌస్ కళాపాఠశాల కళాకారుల బొమ్మలు ప్రదర్శించారు. అప్పట్లో గంజాం జిల్లాలో ఉన్న నౌపడ మీదుగా హౌరా–మద్రాసు రైళ్లు అప్పటికే నడుస్తున్నాయి. ఉప్పుమళ్ల పక్కన స్టేషన్‌లో బండెక్కితే మర్నాటికి ఆ ప్రదర్శన చేరొచ్చు. కాని వచ్చినవి డిక్స్, బెక్‌మన్, కోల్విట్జ్ బొమ్మలు కావు. అలా ఎక్స్‌ప్రెషనిజం మన దేశానికి ఆకృతుల కొత్తదనంగా, ఆధ్యాత్మిక రేఖగా పరిచయమైంది, యుద్ధ గాయంగా కాదు. అది గాయంగా రావడానికి 1943 బెంగాల్ కరవు దాకా ఆగాల్సి వచ్చింది. చిత్తప్రసాద్, జైనుల్ ఆబెదిన్, ఆ తర్వాత 1970లలో ‘గాయాలు’ వరసతో సోమనాథ్ హోర్ ఆ పని చేశారు. హోర్ తెల్ల కాగితపు గుజ్జు మీద తెల్లగానే చీలికలు తేల్చాడు. దేహం లేదు, గాటు మాత్రం ఉంటుంది. డిక్స్‌కు పూర్తిగా ఎదురు దారి అది.

మన వైపు 1925లోనే కన్నుమూసిన దామెర్ల రామారావు, శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య లావణ్యాన్ని ఎంచుకున్నారు. అది లోపం కాదు, వాళ్ల ఎంపిక. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనుల హత్యతో రాజుకున్న శ్రీకాకుళ పోరాటం, దాని మీద సాగిన అణచివేత సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథలోకి, వంగపండు పాటలోకి, ఎన్నో కథల్లోకి వచ్చాయి. కాన్వాసు మీదికి ఆ స్థాయిలో రాలేదు. కారణం ప్రతిభ లేకపోవడం కాదు. పాటకు గొంతు చాలు. రెండున్నర మీటర్ల చిత్రానికి గోడ, కొనే మ్యూజియం, అచ్చువేసే ప్రచురణకర్త కావాలి. డిక్స్ కోపం వెనక జర్మన్ కళాసంస్థల బలం ఉంది. అతన్ని తరిమిన సంస్థలే మొదట అతనికి జీతమిచ్చాయి.

ఇంకా తేలనివి

బొమ్మ ఏమైందన్నది ఒకటి. రెండోది, ఫొటోల సంగతి. ఎర్న్‌స్ట్ ఫ్రీడ్రిక్ సేకరించినటువంటి ఫొటోల్ని డిక్స్ ఎంతవరకు వాడుకున్నాడు? ఎక్కువగా వాడుకుని ఉంటే ప్రత్యక్ష సాక్షి అన్న అతని హోదాకు అర్థం మారుతుంది. మూడోది అన్నిటికంటే కష్టం. ఇతరుల బాధను చూపే చిత్రాలు చూసేవాణ్ణి మేల్కొలుపుతాయా, అలవాటు పడేలా చేస్తాయా అని 2003లో సుసాన్ సోంటాగ్ గోయా మొదలుకుని చర్చించింది. డిక్స్ బొమ్మలు వచ్చిన పదిహేనేళ్లకే మరో ప్రపంచయుద్ధం వచ్చింది, 1945లో యాభై దాటిన డిక్స్‌నే మళ్లీ యూనిఫారం వేయించి పంపారు, ఫ్రెంచివాళ్లకు బందీగా చిక్కి కొల్మార్‌లో గడిపాడు. గ్ర్యూనెవాల్డ్ బలిపీఠం ఉండే ఊరు అదే. ఈ లెక్కతో కళ ఓడిపోయిందనేవాళ్లున్నారు. యుద్ధాన్ని ఆపడం బొమ్మ పని అని ఎవరు చెప్పారన్నది నా జవాబు.

శీర్షిక చదివి ‘కందకం’ వెతుక్కునే పాఠకుడికి ఒక సలహా. దొరికే నలుపు తెలుపు ఫొటోతో ఆగిపోవద్దు, రంగు లేని ఆ నకలు చూసి డిక్స్‌ను తీర్పు తీర్చవద్దు. 50 ఎచింగుల పూర్తి సంపుటి న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ దగ్గర ఉంది, ఇంటర్నెట్‌లో చూడొచ్చు. త్రిఫలక చిత్రం డ్రెస్డెన్‌లో ఉంది. లొరెట్టో కొండ భోజనంతో మొదలుపెట్టి, ఆ తర్వాత స్త్రీపర్వం తెరవండి.